లైనుకి అవతలి కొస

విజయనగరంలో మా వీధి మొదట్లో ఒక రిటైరైన ఇంగ్లీషు మేష్టారు ఉంటారు. పొద్దున్నే టీ దుకాణం దగ్గర కలుస్తాం. మంచి మనిషే గానీ ఒక్కటే ఇబ్బంది. ఏ మాట దొరికినా దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పకుండా వదలరు. మొన్నామధ్య నేను దొరికిపోయాను.

"ముప్పై నాలుగేళ్లు లైన్‌మన్‌గా చేశారు కదా, అసలు లైన్ అంటే ఏమిటో తెలుసా?" అన్నారు.

నాకు కొంచెం ఒళ్లు మండింది. "తెలియకపోతే ఈపాటికి నా ఫోటోకి దండ వేసి ఉండేవారు" అన్నాను.

ఆయన నవ్వి, గ్లాసు పక్కన పెట్టి మొదలుపెట్టారు. అది చాలా పాత ఇంగ్లీషు మాటట. గీత, వరస, పంక్తి అన్న అర్థాలన్నీ దానికి తర్వాత వచ్చి చేరాయట. పాత ఇంగ్లీషులో మాత్రం లైన్ అంటే తాడేనట. అవిసె నారతో పేనిన తాడు.

ఇంటికొచ్చి ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఆ ఒక్క మాటని నేను ఎన్ని రకాలుగా వాడానో లెక్కలేదు. మా అత్తవారి ఆమదాలవలసలో లైన్ అంటే రైలు పట్టాలు, వాళ్ల ఇల్లు లైనుకి అవతల. రేషన్ డిపో దగ్గర లైన్ అంటే తోపులాట. ఫోన్లో లైన్లో ఉండమంటే కాసేపు పాట వినమని. సినిమా వాళ్లకి లైన్ అంటే కథ. చదువుకునే రోజుల్లో లైన్ వెయ్యడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. నేను జన్మలో వేసింది ఒకటే లైను, దాని అవతలి కొసన ఉన్న మనిషి ఇప్పుడు వంటింట్లోంచి నన్ను స్నానానికి లెమ్మంటోంది.

ఉద్యోగంలో మాత్రం లైన్లు రెండే రకాలు. కరెంటు ఉన్నది, లేనిది. తాడు అన్న అర్థం నా ఉద్యోగానికి ఎక్కడా తగలదే అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చింది. డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకోసమే రాస్తున్నాను. గొప్ప పని చేసిన రోజేమీ కాదు. నేను తప్పు చేసిన రోజు.

అప్పుడు నాది శ్రీకాకుళం అవతల సముద్రం ఒడ్డు సెక్షన్. నాకు జోడీగా ఇంకో లైన్‌మన్ ఉండేవాడు. వాళ్లది చేపల వేట మీద బతికిన కుటుంబం. ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం అతనిదే. మాది రామతీర్థం పక్క వ్యవసాయ కుటుంబం. వరసకి ఇద్దరం ఏమీ కాం. చేరిన వారానికే నన్ను బావా అన్నాడు, నేనూ అదే అన్నాను, అది అలా ఉండిపోయింది. ఇక్కడా బావ అనే రాస్తాను.

బావ పనిలో నిదానం. నేను మూడు స్తంభాలు ఎక్కి దిగేసరికి అతను ఒకటి ఎక్కేవాడు. కారణం ఒక గొలుసు. స్తంభం ఎక్కబోయే ముందు, కరెంటు వచ్చే వైపున ఉన్న స్తంభం దగ్గర మూడు వైర్లనీ కలుపుతూ ఆ గొలుసు వేసి, రెండో కొస భూమిలో పాతిన ఇనప కడ్డీకి బిగించేవాడు. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలితే అది మనిషి దాకా రాకుండా అక్కడే భూమిలోకి పోయి, సబ్‌స్టేషన్లో బ్రేకర్ పడిపోతుంది. అందరం చెయ్యవలసిన పనే. రూల్సులో ఉంది. ఉన్నా, తొందరలో మాలో సగంమంది చేసేవాళ్లం కాదు.

"చొక్కా లేకుండా వస్తావేమో గానీ గొలుసు లేకుండా రావు గదా బావా" అని ఏడిపించేవాణ్ని.

"సొక్కా నేకపోతే మా ఇంటిది తిడతాది. గొలుసు నేకపోతే తిట్టడానికి నానుండను" అనేవాడు.

ఇక తువ్వాలు సంగతి. లైను మీద మనిషి ఎక్కాలంటే ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. అంటే ఫలానా లైన్లో కరెంటు ఆపాం, ఫలానా వాడు పనిలో ఉన్నాడు, వాడు చెప్పేదాకా మళ్లీ వదలం అని సబ్‌స్టేషన్ వాళ్లు మాట ఇచ్చి పుస్తకంలో రాయడం. మా సముద్రపు లైను మధ్యలో ఒక చీలిక ఉండేది. అక్కడ స్తంభం మీద పెద్ద స్విచ్, కింద చేతికందే ఎత్తులో ఇనప హ్యాండిల్. కిందికి లాగితే అవతల ఊళ్లకి కరెంటు ఆగుతుంది, పైకి నెడితే వెళ్తుంది. లాగిన హ్యాండిల్‌కి తాళం వెయ్యాలి. ఉప్పుగాలికి తాళాలు ఏడాది తిరక్కుండానే తుప్పు పట్టి పోయేవి. కొత్తవి కావాలని రాసి రాసి విసిగిపోయి, మేమే ఒక అలవాటు చేసుకున్నాం. పనికి వెళ్లేవాడు తన తువ్వాలు హ్యాండిల్‌కి కట్టి వెళ్లాలి. కట్టినవాడే విప్పాలి. తువ్వాలు ఉంటే మనిషి పైన ఉన్నట్టు, లేకపోతే దిగిపోయినట్టు.

తొమ్మిదేళ్లు అలాగే జరిగింది. ఒక్కసారీ తేడా రాలేదు. అందుకే ఆ తువ్వాలు మాకు తాళం కంటే గట్టిదనిపించేది.

ఆ ఏడు తుపాను వచ్చింది. మా సెక్షన్లో నిలబడిన స్తంభాల కంటే పడినవే ఎక్కువ. సెల్ టవర్లు కూడా పడిపోయాయి. ఫోను చేతిలో ఉండేది గానీ పలికేది కాదు. ఐదు రోజులు కరెంటు లేదు. మంచినీళ్ల పథకం మోటారు ఆగిపోయి, జనం చెలమల్లో ఉప్పునీళ్లు తోడుకుంటున్నారు. పసిపిల్లలకి విరేచనాలు పట్టుకున్నాయని ఆరో రోజు పొద్దున్న కబురు వచ్చింది. స్తంభాలు ఎత్తే ముఠాలన్నీ పట్నంలో ఉన్నాయి. మా దాకా రావడానికి ఇంకో రెండు రోజులు పడుతుందన్నారు.

బావ వాళ్ల మనుషుల దగ్గరికి వెళ్లాడు. పెద్దవల లాగేవాళ్లు ఇరవైమంది తాళ్లు భుజానేసుకుని వచ్చారు. పెద్దవల మీరు చూశారో లేదో. వలని పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో వంపుగా వేసి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెస్తారు. ఒడ్డు మీద రెండు గుంపులు, ఒకదానికొకటి దూరంగా నిలబడి, చెరో తాడూ లాగుతారు. వాళ్లకొక పెద్ద ఉంటాడు. ఆయన చెప్పేదాకా ఎవరూ తాడు వదలరు. చెయ్యి కోసుకుపోయినా సరే. ఒక కొస వదిలితే వల తిరగబడి, అందరి కష్టమూ నీళ్లపాలవుతుంది. అదే పద్ధతిలో స్తంభాలు ఎత్తారు. స్తంభానికి రెండు తాళ్లు, అటు పదిమంది, ఇటు పదిమంది. మా ముఠాల కంటే బాగా ఎత్తారని ఒప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

ఆ పొద్దున్న చీలిక దగ్గర నేనూ బావా కలిసి హ్యాండిల్ కిందికి లాగాం. బావ తన ఆకుపచ్చ గళ్ల తువ్వాలు కట్టాడు. నేను ఇవతలి పక్క లైను చూసుకోవాలి. అతను అవతల రెండు కిలోమీటర్ల దూరంలో చివరి నాలుగు స్తంభాలు నిలబెట్టి వైరు కట్టాలి.

"నా పనైపోతే తువ్వాల తీసుకుని ఒడ్డంట పక్కూరెలిపోతాను. నువ్వొచ్చి సూడు. తువ్వాల నేకపోతే ఎక్కించీ. నాకోసం సూడకు" అన్నాడు.

మూడు గంటలకి నా పని అయింది. సబ్‌స్టేషన్‌కి మనిషిని పంపి చెప్పాక ఇవతల లైనుకి కరెంటు వచ్చింది. మోటారు మాత్రం అవతలి ఊళ్లో ఉంది. స్విచ్ దగ్గరికి వచ్చేసరికి నా వెనక పాతికమంది ఉన్నారు, ఆడవాళ్లు బిందెలతో సహా. హ్యాండిల్ వైపు చూశాను. తువ్వాలు లేదు.

ఆ క్షణం గురించి నన్ను తర్వాత చాలామంది అడిగారు. నిజం చెబుతున్నాను, అనుమానం వచ్చింది. అంత నిదానస్తుడు మూడింటికల్లా నాలుగు స్తంభాలు పూర్తిచేశాడా అనిపించింది. స్కూటరు మీద రెండు కిలోమీటర్లు వెళ్లి చూసి రావచ్చు. ఇసక దారి, వెళ్లి రావడానికి ముప్పావు గంట. వెనక ఒకావిడ, "బేగి ఎక్కించీ బాబూ, గుంటడు నీల్లనీల్లని ఏడస్తన్నాడు" అంది. తొమ్మిదేళ్ల అలవాటు ఎదురుగా ఉంది. తువ్వాలు లేదంటే మనిషి కింద ఉన్నాడు.

హ్యాండిల్ పైకి నెట్టాను.

పైన స్విచ్ దగ్గర నీలం మంట లేచింది. చెవులు గింగురుమన్నాయి. ఆ వెంటనే ఇవతల లైన్లో కూడా కరెంటు పోయింది. జనం వెనక్కి పరుగెత్తారు. లైను మీద కొబ్బరి మట్ట పడి ఉంటుందని ఎవరో అన్నారు. నాకు తెలిసిపోయింది. అటువంటి మంట గొలుసు వేసిన లైనుకే వస్తుంది. గొలుసు ఉందంటే బావ ఇంకా పైనే ఉన్నాడు.

హ్యాండిల్ కిందికి లాగి, దాని దగ్గర ఇద్దరు మగవాళ్లని నిలబెట్టి, ఎవరొచ్చినా ముట్టుకోనివ్వొద్దని చెప్పి స్కూటరు తీశాను. ఆ రెండు కిలోమీటర్లు ఎలా వెళ్లానో ఇప్పటికీ సరిగా గుర్తులేదు. ఇసకలో రెండుసార్లు పడ్డాను. రెండోసారి స్కూటరు వదిలేసి పరుగెత్తాను. బావ భార్యకి ఏమని చెప్పాలి అన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేదీ లేదు. ఆవిడ వండిన చేపల పులుసు వారంలో రెండుసార్లు తినేవాణ్ని.

దూరం నుంచి స్తంభం కనిపించింది. నిటారుగానే ఉంది. దగ్గరికి వెళితే తెలిసింది, మొదలు గోతిలో ఇంకా రాళ్లు నింపలేదు, నీళ్ల తొందరలో బావ కూడా రాళ్లొచ్చేదాకా ఆగకుండా ఎక్కేశాడు. ఇరవైమంది పట్టుకున్న రెండు తాళ్ల మీదే అది నిలబడి ఉంది. పైన బావ రెండు చేతులతోనూ స్తంభాన్ని కావలించుకుని ఉన్నాడు. రెండు స్తంభాల ఇవతల వేసిన గొలుసు దగ్గర ఇసక నల్లగా మాడిపోయింది. అక్కడ పిడుగు పడినట్టు మోత వచ్చిందట, నిప్పులు లేచాయట. ఎవరైనా తాడు వదిలేసి పారిపోతారు. నేనైతే తప్పకుండా పారిపోయేవాణ్ని. ఏ ఒక్క పక్క వదిలినా స్తంభం బావతో సహా రెండో పక్కకి కూలిపోయేది. కరెంటు నుంచి గొలుసు కాపాడింది, నిజమే. ముప్పై అడుగుల మీదనుంచి పడకుండా గొలుసు కాపాడదు.

ఇరవైమందీ అలాగే నిలబడి ఉన్నారు. మడమలు ఇసకలో దిగబడి, తాడు అరిచేతులు కోస్తున్నా. వాళ్ల పెద్ద, అరవై దాటిన మనిషి, తాడు మీదనుంచి చూపు తిప్పకుండా నన్ను అడిగాడు.

"ఏటి బాబూ, ఒగ్గీమంటావా?"

వదలొద్దని చెయ్యి ఊపాను. నేనూ వెళ్లి ఒక తాడు పట్టుకున్నాను. అవసరమేమీ లేదు, ఇరవైమంది చాలు. ఊరికే నిలబడలేక పట్టుకున్నాను.

బావ ఒక్కొక్క అడుగే దిగాడు. కింద ఇసకలో కూర్చున్నాడు. కాసేపు తన అరిచేతులు చూసుకున్నాడు. అప్పుడు ఆ పెద్దాయనతో, "ఒగ్గీండి మావా" అన్నాడు. స్తంభం మెల్లగా పక్కకి వాలింది. తర్వాత నావైపు తిరిగాడు.

"నువ్వేనేటి?"

"నేనే" అన్నాను.

"తువ్వాల?"

"లేదు బావా."

కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననిపించింది కూడా. అతను లేచి ఇసక దులుపుకుని, "పద, సూద్దాం" అన్నాడు.

స్విచ్ పక్కనే ఒక పాక ఉంది. అందులో ఎండుచేపలు అమ్ముకునే ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. మేం వచ్చేసరికి పాక వెనక, సముద్రం వైపు దడి మీద ఆకుపచ్చ గళ్ల తువ్వాలు ఆరుతోంది. ఇద్దరం దాన్ని చూస్తూ నిలబడిపోయాం. ఆవిడ బయటికొచ్చింది.

"నీదేనేటి నాయనా? ఆ ఇనపకడ్డీకి కట్టి మర్సిపోనావు. బురద బురదగున్నాది. నాలుగురోజులై మా కోసం సస్తన్నారు, తుడుసుకోడానికి సుబ్బరమైన గుడ్డైనా నేదని ఉతికినాను. ఉప్పునీల్లే అనుకో. ఇంకా ఆరనేదు, ఉండు" అంది.

తడి తువ్వాలు మడతపెట్టి బావ చేతికిచ్చింది. తొమ్మిదేళ్లలో ఆ తువ్వాలు అర్థం మా ఇద్దరికి తప్ప మూడో మనిషికి చెప్పలేదు. ఆవిడ పాక ముందే రోజూ కట్టి విప్పాం. ఒక్కమాట చెప్పి ఉంటే ప్రాణం పెట్టి కాపలా కాసేది.

బావ ఆ తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "సల్లగుండు మామ్మా" అన్నాడు. అంతే. తిరిగి వస్తుంటే నాతో, "ముసిల్దానికి సెప్పకు. నిద్దరోదు" అన్నాడు.

సాయంత్రానికి ఆ స్తంభాన్ని మళ్లీ ఎత్తి రాళ్లు నింపారు. బావే ఎక్కి మిగిలిన వైరు కట్టాడు. ఈసారి నేను స్విచ్ దగ్గర నిలబడి, ఊరి కుర్రాళ్లని కేకకి కేక అందేంత దూరంలో వరసగా నిలబెట్టాను. బావ దిగాడన్న కేక రెండు కిలోమీటర్లు నోళ్లు మారి నా దాకా వచ్చింది. అయినా నా చెయ్యి హ్యాండిల్ మీదికి వెళ్లలేదు. బావ తానే నడిచి వచ్చి నా పక్కన నిలబడ్డాక నెట్టాను. చీకటి పడేలోపు మోటారు తిరిగింది.

రెండు రోజుల తర్వాత మా అసిస్టెంట్ ఇంజనీరు మేడం విచారణకి వచ్చారు. వయసులో నా కూతురంత ఉంటారు గానీ చూపు మాత్రం మీటరు రీడింగులా తిన్నగా ఉండేది. వచ్చేముందే బావ నాకో దారి చెప్పాడు. "కొబ్బరి మట్ట పడ్డాదని రాసీ. బ్రేకరెందుకు పడ్డాదో ఎవుడు సూసినాడు? నాను బతికే ఉన్నాను గదా."

రాద్దామనే కూర్చున్నాను. సగం రాశాను కూడా. రాస్తుంటే ఆ పెద్దాయన మాట చెవిలో మళ్లీ వినిపించింది. అంత మోతలోనూ వదలనివాడు నన్ను అడిగి వదులుదామనుకున్నాడు. నేను ఎవర్నీ అడక్కుండా కరెంటు వదిలేశాను. కాగితం చింపేసి ఇంకోటి తీసుకున్నాను. మనిషి దిగాడో లేదో కళ్లతో చూడకుండా, మనిషిని పంపి కనుక్కోకుండా స్విచ్ వేశాను, తప్పు నాదే అని రాశాను.

మేడం చదివి, "మరి తువ్వాలు ఎవరు తీశారు?" అన్నారు.

"గాలికి పోయిందండీ."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. బావ బయట ఆ తువ్వాలు భుజాన వేసుకునే నిలబడి ఉన్నాడు. ఉతికి మడతపెట్టిన తువ్వాలు, మడతలు కూడా చెదరలేదు. ఆవిడ నా కాగితం కింద సంతకం పెట్టి, "మంచి గాలి" అన్నారు.

నాకు ఛార్జి మెమో వచ్చింది. ప్రమోషను నాలుగేళ్లు వెనక్కి వెళ్లింది. న్యాయమే. వాటితోపాటు సెక్షనుకంతటికీ ఇత్తడి తాళాలు వచ్చాయి. నేనూ నా తోటివాళ్లూ పదేళ్లుగా అడిగినవి పది రోజుల్లో వచ్చాయి. మనిషి చావు దాకా వెళ్లి వస్తే తప్ప కదలని కాగితాలు కొన్ని ఉంటాయి. నేను ఆ రోజునుంచి గొలుసు లేకుండా స్తంభం ఎక్కలేదు. ఇంకో అలవాటు కూడా అయింది. లైన్ క్లియర్ తిరిగి ఇచ్చేటప్పుడు సబ్‌స్టేషన్‌కి చెప్పే ముందు, పనిలో ఉన్నవాణ్ని పేరు పెట్టి పిలిచి, "ఒగ్గీమంటావా?" అని అడిగేవాణ్ని. వాడి నోటితో వాడు ఒగ్గీమనాలి. మొదట్లో కుర్రాళ్లు నవ్వారు. తర్వాత వాళ్లూ అలాగే అడగడం మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆ సెక్షన్లో అలాగే అడుగుతారని విన్నాను. ఎందుకో వాళ్లకి తెలిసి ఉండదు. తెలియాలనే ఇది రాశాను.

మేష్టారికి ఈ కథంతా చెబితే ఆయన ఏ మాట పుట్టుపూర్వోత్తరాలూ ఎత్తకుండా ఇద్దరి టీకీ డబ్బులిచ్చి లేచారు. ఆయన అలా లేవడం నేను చూడడం అదే మొదలు.

ముసలావిడ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. తాళాలు వచ్చినా బావ తువ్వాలు కట్టడం మానలేదు. తాళం మీద కట్టేవాడు. ఆవిడ కూడా మళ్లీ ఎప్పుడూ దాన్ని ముట్టుకోలేదు. ఒకసారి ఉతికి పెట్టాను, ఇంక జాగ్రత్త వాళ్లదే అనుకుందేమో. కానీ మేం ఆ దారిన వెళ్లినప్పుడల్లా, చూపు ఆనకపోయినా, స్కూటరు చప్పుడుకి పాకలోంచి కేకేసేది.

"తువ్వాల మర్సిపోనేదు గదా నాయనా?"

బావ స్కూటరు ఆపి, ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే భుజం తడుముకుని చెప్పేవాడు.

"నేదు మామ్మా. ఉన్నాది."